అమ్మవారికిచ్చిన అడవి

అనగనగా, మంచుకొండల మోకాళ్ళ దగ్గర ఒక ఊరు. మన వైపు ఊరు కాదమ్మడూ. చాలా ఉత్తరాన, రైలు దిగి, బస్సు దిగి, ఆ తర్వాత కాళ్ళకి పనిచెప్పాల్సిన ఊరు. మా మేనత్త బదరీ యాత్రకి వెళ్ళినప్పుడు వాన పట్టుకుంటే ఆ ఊళ్ళో ఆగిందట. అక్కడ విన్న కథ మా అమ్మకి చెప్పింది. మా అమ్మ నాకు చెప్పింది. ఊరి పేరు నాకు నోరు తిరగదు కానీ కథ మాత్రం గుర్తుంది. దుప్పటి కప్పుకో, చెప్తాను.

ఆ ఊళ్ళో ఇళ్ళు కొండవాలుకి అతుక్కుని ఉండేవి. ఇళ్ళ కింద మెట్లుమెట్లుగా చేలు. ఇళ్ళ పైన అడవి. అడవి నిండా బాంజు చెట్లు. మీ పుస్తకంలో ఓక్ చెట్టని బొమ్మ ఉంటుంది చూడు, దానికి చుట్టం. ఆకు పైన ముదురు పచ్చ, అడుగున తెలుపు. గాలి వీస్తే కొండంతా ఒక్కసారి వెండిలా తెల్లబడి, మళ్ళీ పచ్చబడేది.

ఆ చెట్టు కాయ ఎంతుంటుందంటావా? నీ వేలి కొసంత. నెత్తిన చిన్న గిన్నె బోర్లించుకున్నట్టు టోపీ ఉంటుంది. ఆ కాయలంటే ఎలుగుబంట్లకి ప్రాణం. కొండముచ్చులకీ, అడవికోళ్ళకీ, ఉడతలకీ ప్రాణమే.

చెట్ల కింద ఏళ్ళ తరబడి రాలిన ఆకు పరుపులా ఉండేది. వాన పడితే ఆ పరుపు నీళ్ళు తాగేది. తాగి ఊరుకోకుండా కొంచెం కొంచెంగా కిందికి వదిలేది. అలా దిగిన నీళ్ళే ఊరి పక్కన రాళ్ళ మధ్య ఊటగా వచ్చేవి. ఊరంతా ఆ ఊట నీళ్ళే తాగేది.

ఆ ఊరికి గోపులి అనే అమ్మాయి కోడలిగా వచ్చింది. చెట్టెక్కడంలో ఆమె తర్వాతే ఎవరైనా. కొంగు బిగించి, కొడవలి నడుముకి చెక్కుకుని, ఉడతలాగా చిటారుకొమ్మకి పోయేది. ఆ కొండల్లో చలికాలం పచ్చగడ్డి ఉండదు కదా, అప్పుడు గేదెలకి బాంజు ఆకే మేత. అందరూ కింది కొమ్మలు కొడితే గోపులి పై కొమ్మలు కొట్టేది. లేతాకు ఉండేది అక్కడే. ఆమె మోపు అందరి మోపుల కన్నా పెద్దది. వాళ్ళ గేదె పాలు అందరి పాల కన్నా చిక్కన.

అత్తగారి పేరు హంస. కోడల్ని చూసుకుని ఆవిడకి మహా మురిపెం. మా కోడలు వెళ్ళిందంటే అడవే ఇంటికి నడిచొస్తుందని ఊరంతా తిరిగి చెప్పుకునేది. గోపులి భర్త ఖీమూ నెమ్మదైన మనిషి. తన చేనేదో, తన పనేదో.

గోపులిని చూసి మిగతా ఆడవాళ్ళూ పైదాకా ఎక్కడం నేర్చుకున్నారు. తప్పేముంది చెప్పు. కొట్టంలో గేదె అరుస్తుంటే ఎవరు మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటారు?

అలా కొన్నేళ్ళు గడిచాయి.

మొదట అడవికోళ్ళు కనబడకుండా పోయాయి. తెల్లారగట్ల వాటి కూత వినబడేది, అది ఆగిపోయింది. గద్దలు ఎక్కువయ్యాయిలే అనుకున్నారు ఊళ్ళోవాళ్ళు.

ఆ తర్వాత ఊట సన్నబడింది. మణికట్టంత ధార చిటికెన వేలంత అయింది. వేసవిలో బిందె నిండే లోపు ఒక పాట మొత్తం పాడుకోవచ్చు. వానలు తగ్గాయిలే అనుకున్నారు.

ఆ తర్వాత ఎలుగుబంటి ఊళ్ళోకి వచ్చింది.

మొక్కజొన్న కంకులు ముదిరే రోజులు. పొద్దు వాలుతుంటే ఖీమూ చేలోకి వెళ్ళాడు. మొక్కల మధ్య ఏదో కదిలితే ఎవరిదో ఆవు పడిందనుకుని అదిలించాడు. ఆవు కాదది. పిల్లని వెంటబెట్టుకొచ్చిన ఎలుగు. పిల్లకీ తనకీ మధ్య మనిషి కనబడితే తల్లి ఊరుకుంటుందా? ఒక్క పంజాతో ఖీమూ తొడ చీల్చేసి, పిల్లని తోలుకుని కొండెక్కిపోయింది.

ఊరివాళ్ళు ఖీమూని మంచం మీద వేసుకుని రోడ్డు దాకా మోసుకెళ్ళారు. ఆసుపత్రిలో చాలా రోజులున్నాడు. బతికాడు. కానీ ఆ కాలు మళ్ళీ పూర్తిగా వంగలేదు. నాగలి పట్టాల్సినవాడు కర్ర పట్టుకున్నాడు.

అప్పుడు ఊళ్ళో మగవాళ్ళంతా ఆ ఎలుగుని చంపాల్సిందేనని బయల్దేరారు. పైనుంచి చూసి దాని జాడ చెప్పడానికి గోపులిని రమ్మన్నారు. ఆమెకీ కోపం కుతకుతలాడుతోంది. ఎలుగు కనబడితే చాలు, నేనే చూపిస్తాను అనుకుంటూ వెళ్ళింది.

అడవి నడుమకి వెళ్ళాక అన్నిటికన్నా ఎత్తైన చెట్టెక్కింది. ఎప్పుడు ఎక్కినా ఆమె కళ్ళు ఆకు మీదే ఉండేవి. ఏ కొమ్మ లేత, ఏ కొమ్మ ముదురు, అంతే. ఆ రోజు ఆకు కోసం కాదు కదా ఎక్కింది. అందుకని మొదటిసారి కొండంతా చూసింది.

వాలు పొడుగునా చెట్లు గుంజల్లా నిలబడి ఉన్నాయి. ఒక్కో గుంజ కొసన గుప్పెడాకు. అంత వాలులో ఎక్కడా కాయన్నది లేదు. కొత్త కొమ్మకి కాయ రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఏటా నరుకుతుంటే ఇంక కాసేదెప్పుడు? చెట్ల కింద ఆకుపరుపు లేదు, ఎర్రమట్టి తేలి ఉంది. గాలి వీచింది. కొండ వెండిలా మెరవలేదు.

ఎదురుగా ఉన్న చెట్టు మీద కొడవలి గాట్లు కనబడ్డాయి. ఏటవాలుగా, ఒక్క వేటుకి తెగినవి. అలా నరికేది ఆ ఊళ్ళో ఒక్కళ్ళే. గోపులికి తన చెయ్యి తనకి తెలియదా.

కింద నుంచి మగవాళ్ళు ఎలుగు కనబడిందా అని అడిగారు. లేదని చెప్పి దిగింది. నిజంగానే కనబడలేదు. చలికాలం దగ్గరపడింది కదా, ఎక్కడో గుహ చూసుకుని పడుకుని ఉంటుంది.

ఆ మర్నాడు గోపులి మళ్ళీ వెళ్ళింది, ఈసారి ఒక్కత్తే. పొద్దున్నించి సాయంత్రం దాకా కాయల కోసం వెతికింది. కొంగు మూలకి ముడేసుకునేన్ని కూడా దొరకలేదు.

ఆ తర్వాత ఊట దగ్గర ఆడవాళ్ళంతా బిందెలు పెట్టుకుని కూర్చున్నప్పుడు, దొరికిన నాలుగు కాయలూ రాతి మీద పెట్టింది.

"ఎలుగు మన చేలోకి ఎందుకొచ్చిందో తెలుసా?" అంది. "దాని చేను మనం కోసేశాం. అందరికన్నా ఎక్కువ నేను కోశాను."

 బిందెలో నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి. ఒక ముసలామె దాని వంక చూసి, తన చిన్నప్పుడు ఈ బిందె కన్ను మూసి తెరిచే లోపు నిండేదని చెప్పింది. ఇంకొకామె అడవికోళ్ళ సంగతి ఎత్తింది. అప్పుడు ఒక్కో మాటా కలిసింది. విడివిడిగా ఉన్నప్పుడు తెలియని సంగతి కలిస్తే తెలిసింది.

ఆ కొండల్లో పాత ఆచారం ఒకటుంది. ఏదైనా కాపాడుకోవాలంటే అమ్మవారికి ఇచ్చేస్తారు. ఇచ్చాక అది మనది కాదు, ముట్టుకోకూడదు. అడవిని కూడా అలా ఇచ్చేద్దామన్నారు ఆడవాళ్ళు. ఊరిపెద్ద మొదట నసిగాడు. ఆ తర్వాత, ఇంటికెళ్తే తాగడానికి నీళ్ళుండాలి కదా, ఒప్పుకున్నాడు.

ఒక మంచిరోజు చూసి అడవి అంచున చెట్లకి ఎర్రగుడ్డలు కట్టారు. గుడ్డకి పైనున్నదంతా అమ్మవారిది. ఎండుపుల్ల ఏరుకోవచ్చు, పచ్చికొమ్మ కొయ్యకూడదు. కోసినవాళ్ళ కొడవలి అమ్మవారి ముందు పెట్టెయ్యాలి, ఆ ఇంటికి మరుసటేడు ఊరందరి గడ్డిబీడులో వాటా ఉండదు. రోజుకొక ఇంటివాళ్ళు కాపలా.

హంస మాత్రం ఎర్రగుడ్డ కట్టడానికి రాలేదు. ఆ సాయంత్రం గేదె ముందు కూర్చుని కోడల్ని ఒకటే అడిగింది. "నా కొడుకు కాలు తీసుకున్న జంతువుకి తిండి పెట్టడానికి, నా కొట్టంలో గొడ్డుని మాడుస్తావా?"

గోపులి నీళ్ళ గురించి చెప్పింది, కాయల గురించి చెప్పింది. కానీ అడిగిన దానికి జవాబు ఆమె దగ్గర లేదు. లేదని ఆమెకీ తెలుసు, అత్తకీ తెలుసు.

మొదటి చలికాలం ఎండుగడ్డితో ఎలాగో గడిచింది. రెండో ఏడు వానలు సరిగ్గా లేవు, గడ్డి పలచగా వచ్చింది. పైగా ఆ చలికాలం మంచు ఒక పట్టాన ఆగలేదు. గుమ్మాల దాకా పడింది. గడ్డివాములు కరిగిపోతూ వచ్చాయి. కొందరి ఇళ్ళలో ముందే ఖాళీ అయ్యాయి.

ఊరి చివర చనులి అని ఒకామె ఉండేది. ఆమెకి ఉన్నది ఒక్క గేదె. అది మేత లేక రోజురోజుకీ చిక్కి, ఒకనాడు పడుకున్నది లేవలేదు. చనులి ఎవరితోనూ ఏమీ అనలేదు. తలుపేసుకుంది.

అదే వారంలో గోపులి వాళ్ళ గేదె ఈనింది. పెయ్యదూడ. చూడముచ్చటగా ఉంది. కానీ తల్లికి తిండి లేక పొదుగులో పాలు దిగలేదు. దూడ పొదుగుని పొడిచి పొడిచి, అలిసిపోయి, గోడ వైపు తిరిగి పడుకునేది. హంస దాని మూతి నిమురుతూ కూర్చునేది.

అలాంటప్పుడు ఒకరోజు అడవికి కాపలా గోపులి వంతు. పొద్దెక్కుతుండగా పైకి వెళ్ళింది. మంచు మీద అడుగులు కనబడ్డాయి. చిన్న అడుగులు, దగ్గర దగ్గరగా పడినవి. ముసలి నడక. ఎవరివో ఆమెకి అప్పుడే తెలిసింది. తెలిసినా, ఇంకెవరివైనా అయితే బాగుండునని మొక్కుకుంటూ వాటి వెంటే వెళ్ళింది.

ఒక చెట్టు కింద హంస నిలబడి ఉంది. ఎక్కలేదు కదా, చేతికందిన చిగురుకొమ్మలే కోసింది. రెండేళ్ళుగా ఎదుగుతున్న కొమ్మలు. చిన్న మోపు. చలికి వేళ్ళు కొంకర్లు పోయి తాడు ముడి పడటం లేదు.

కోడల్ని చూసి ఆవిడ పారిపోలేదు. తాడు అలా పట్టుకునే ఉండి, "చూశావుగా. వెళ్ళి చెప్పు. లేదంటే చూడలేదనుకో," అంది.

గోపులి ఒకసారి మోపునీ, ఒకసారి మంచులో అడుగుల్నీ చూసింది. చూడలేదనుకోవచ్చు. మంచు పడుతోంది, అడుగులు మూసుకుపోతాయి. దూడ బతుకుతుంది. కానీ రేపు ఇంకొకామె వస్తుంది, ఆమెకీ ఇంట్లో ఏదో ఒకటి అరుస్తూనే ఉంటుంది. పోనీ మోపు ఇక్కడే పడేసి అత్తని తీసుకుపోతే? కోసినది వృథా, దూడా దక్కదు.

అప్పుడు గోపులి ఏం చేసిందనుకున్నావు? తాడు అందుకుని మోపు గట్టిగా కట్టింది. తన నెత్తిన పెట్టుకుంది. ఒక చేత్తో అత్త చెయ్యి పట్టుకుంది. జారుడు దారి, మెల్లగా నడిపించుకుంటూ దిగింది. కోడలు తన పక్షమేనని హంస మనసులో అనుకుంది. కానీ ఇంటి మలుపు దగ్గర గోపులి ఇంటి వైపు తిరగలేదు. అత్త చెయ్యి వదలకుండా తిన్నగా ఊరిపెద్ద వాకిట్లోకి వెళ్ళి, అందరూ చూస్తుండగా పచ్చటి మోపు మంచులో దించింది.

ఊరంతా పోగైంది. కర్ర పొడుచుకుంటూ ఖీమూ కూడా వచ్చాడు. తల్లినీ పెళ్ళాన్నీ చూసి, ఎవరి పక్కన నిలబడాలో తెలియక గోడకి ఆనుకున్నాడు. హంస తల ఎత్తలేదు.

గోపులి అత్త కొడవలి తీసి మోపు మీద పెట్టింది.

"తప్పు మా ఇంటిదే. కొడవలి అమ్మవారి దగ్గర పెట్టండి, వచ్చే ఏడు మాకు గడ్డి వాటా వద్దు," అంది. ఆ తర్వాత జనం వైపు తిరిగింది. "కానీ ఒక మాట. అడవికి తలుపు వేద్దామని అడిగింది నేను. గేదెలేం తినాలని మా అత్త అప్పుడే అడిగింది. నేను జవాబు చెప్పలేదు. మీరెవరూ చెప్పలేదు."

ఎవరో వెనకనుంచి, మా గేదెలూ పస్తే ఉన్నాయి, మేం కోశామా అన్నారు. అవునవునన్నారు ఇంకొందరు. అప్పుడు జనం పక్కకి జరిగారు. చనులి ముందుకొచ్చింది. గేదె పోయిన దగ్గర్నించి ఆమె బయటికి రావడం అదే మొదలు. ఇంక ఈవిడ అడిగితే హంస ఏం జవాబు చెప్తుందని అందరూ అటే చూశారు.

చనులి వంగి మోపులో ఒక ఆకు తీసి చూసింది. లేతాకు.

"నా గొడ్డు పోయేటప్పుడు ఎవరింటికీ వెళ్ళి గడ్డి అడగలేదు నేను. సిగ్గేసింది," అంది. "ఎవరూ వచ్చి నన్నూ అడగలేదు." ఆకుని వేళ్ళ మధ్య తిప్పింది. "కోసిన కొమ్మ మళ్ళీ చెట్టుకి అతకదు. ఈ ఆకు దూడతల్లికి వెయ్యండి."

అంతే అంది. ఆకు మోపు మీదే పెట్టేసి వెనక్కి వెళ్ళిపోయింది.

 ఊరిపెద్ద ఇంటి వెనక పెద్ద గడ్డివాము ఉంది. అందరికీ తెలుసు అది ఉందని. ఊరిపెద్ద భార్య ముందు కదిలింది. మొగుడి వంక చూడలేదు. వెనక్కెళ్ళి చేతులనిండా ఎండుగడ్డి తెచ్చి మోపు పక్కన పడేసింది. మళ్ళీ వెళ్ళి మళ్ళీ తెచ్చింది. అప్పుడు ఇంకొకామె ఇంటికెళ్ళింది. ఆ తర్వాత ఇంకొకామె. కొందరు చేటెడు, కొందరు తట్టెడు. లేనివాళ్ళు మొక్కజొన్న చొప్ప తెచ్చారు. సాయంత్రానికి ఆ వాకిట్లో ఒక కుప్ప అయింది. మంచు కరిగేదాకా ఏ గొడ్డుకి ఎంత అవసరమో అంత అందులోంచే పంచుకున్నారు. ఆ చలికాలం ఊళ్ళో ఇంకో గేదె చావలేదు.

హంస కొడవలి మాత్రం అమ్మవారి ముందు పెట్టేశారు. మాట మాటే కదా.

ఇంటికొచ్చాక హంస కోడలితో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది, మంచం వేస్తే పడుకునేది, మాట లేదు. గోపులి కూడా బతిమాలలేదు. తను చేసింది తప్పని ఆమెకి అనిపించలేదు. అలాగని గుండె తేలికగానూ లేదు. ఊరందరి ముందు అత్త తల దించుకున్న తీరు రోజూ కళ్ళముందు కనబడేది.

కొన్నాళ్ళకి గేదె తేరుకుంది. పాలు దిగాయి. దూడ గంతులేసింది. మంచు పోయి, అడవిలో ఎర్రపూలు పూశాయి.

ఒకనాడు హంస గిన్నెడు పాలు తీసుకుని చనులి ఇంటికి వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. ఆ తర్వాత అది అలవాటైంది. దూడ పాలు మరిచాక ఒక పొద్దున దాన్నే తాడు పట్టుకుని తోలుకెళ్ళి, చనులి కొట్టంలో కట్టేసి వచ్చింది. ఎవరినీ అడగలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "పెయ్యదూడని చనులికిచ్చేశాను గోపులీ," అంది. అన్ని నెలల తర్వాత కోడల్ని పేరు పెట్టి పిలవడం అదే. గోపులి మంచిపని చేశావత్తా అని, చెంబు అందించింది. అంతకన్నా ఇద్దరూ ఏమీ అనుకోలేదు.

ఆ ఏడు నుంచి ఆ ఊళ్ళో ఇంకో పద్ధతి వచ్చింది. మంచు పడకముందే ప్రతి ఇల్లూ గడ్డి కొంత తెచ్చి ఊరికుప్పలో వెయ్యాలి. చేల గట్ల మీద పశుగ్రాసం పెంచారు. కింది వాలులో మేతకి చెట్లు నాటి, ఎదిగాక వాటి కొమ్మలు వంతులవారీగా కొట్టేవారు, ఈ ఏడు ఈ పక్క, వచ్చే ఏడు ఆ పక్క. పై అడవి జోలికి మాత్రం పోలేదు.

చెట్లకి తొందర ఉండదు తల్లీ. మొదట గుంజలన్నీ గుబురు పట్టాయి. రాలిన ఆకు మళ్ళీ పరుపయింది. ఊట ధార చిటికెన వేలి నుంచి బొటనవేలంత అయింది. మునుపటంత ఇంకా కాలేదు. అవుతుందో లేదో కూడా తెలియదు. కానీ వేసవిలో ఆగిపోలేదు. ఒక తెల్లారగట్ల అడవికోడి కూస్తే ముసలివాళ్ళు మంచాల మీద లేచి కూర్చున్నారు.

చాలా ఏళ్ళ తర్వాత, చలి మొదలయ్యే రోజుల్లో, అత్తాకోడళ్ళు ఇద్దరూ ఎండుపుల్లలకి అడవికి వెళ్ళారు. హంస అప్పటికి బాగా వంగిపోయింది. దారిలో కొమ్మలు విరుగుతున్న చప్పుడైంది. గోపులి అత్తని చెట్టు చాటుకి లాగింది.

ఎదురువాలులో పెద్ద బాంజు చెట్టు మీద ఎలుగుబంటి కూర్చుని ఉంది. కొమ్మలు దగ్గరికి లాక్కుని, విరిచి కింద వేసుకుని, వాటి మీదే తీరుబడిగా కూర్చుని కాయలు తింటోంది. కింది కొమ్మ మీద రెండు పిల్లలు. ఖీమూని కొట్టిన ఎలుగే అవునో, దాని కూతురో, ఎవరికి తెలుసు?

గోపులి అత్త ముఖం వంక చూసింది. కొడుకు కర్ర పట్టుకుని కుంటుతూ నడవడం ఆవిడ రోజూ చూస్తూనే ఉంది. మరిచిపోయే సంగతి కాదది. హంస చాలాసేపు ఎలుగునే చూస్తూ నిలబడింది. కోపమూ లేదు, ముద్దూ లేదు ఆ చూపులో.

"తిననీ," అంది. "కడుపు నిండితే కిందికి రాదు."

ఆ తర్వాత కోడలి భుజం పట్టుకుని, దానికి చప్పుడు వినబడకుండా, చుట్టుదారిన ఇంటికి నడిచింది.

కాయ కొమ్మకి, ఎలుగు కాయకి,
గడ్డి గేదెకి, ఊట బిందెకి,
కథేమో కంచికి, కన్నేమో నిద్దరకి,
మనమెక్కడికి? మనింటికే, మన పక్కకే.